పశువుల కొట్టంలో ప్రయోగశాల: మా సుభద్ర వదిన

సోమవారం పొద్దున తులసి దగ్గర దీపం పెట్టి లేస్తుండగా సూర్యాపేట నుంచి ఫోను మోగింది. మా అన్న కూతురు పద్మ. "అత్తా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అన్నది. నేను "సరేనమ్మా" అన్నానట. ఎందుకట్లా అన్నానో నాకు తెలియదు. ఫోను పెట్టేసి పూజగదిలోకి తిరిగి వచ్చి, అప్పటికే దేవుడి పాదాల దగ్గర పెట్టిన పువ్వులన్నీ తీసి, మళ్లీ ఒక్కొక్కటిగా పెట్టాను. మనవరాలు వచ్చి భుజం పట్టుకొని "నానమ్మా, ఏమైంది?" అని అడిగితే అప్పుడు తెలివి వచ్చింది. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి చల్లబడిపోయింది. సుభద్ర వదిన ఈ లోకంలో లేదు.

సూర్యాపేట ఆడపిల్లల బడిలో రసాయన శాస్త్రం బోధించిన పంతులమ్మగా ఆమెను ఎరిగినవారు వేలమంది. వారి ఇళ్లలో ఆమె మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. "చూసింది రాయి, అనుకున్నది రాయకు" అని ఆమె చెప్పని తరగతి లేదు. ఆ విదుషీమణి పాండిత్యాన్ని గురించి రాయడానికి ఆమె శిష్యులున్నారు, తోటి ఉపాధ్యాయినులున్నారు. బడి గడప తొక్కని నేను రాయగలిగింది వారెవరూ చూడని ఒక కాలాన్ని గురించి. పంతులమ్మ కాకముందు, సుభద్ర వదిన విద్యార్థినిగా ఉన్న రోజులవి. ఆ చదువు చేజారిపోయే దాకా వచ్చి ఎట్లా నిలబడిందో దగ్గరుండి చూసిన వాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆ భాగ్యాన్ని భగవంతుడు నాకెందుకిచ్చాడో గాని, చేతులు జోడించి చెప్పుకుంటాను.

మాది మిర్యాలగూడ. నాయిన ఆయుర్వేద వైద్యుడు. వదిన పుట్టిల్లు కోదాడ, వాళ్ల నాన్నగారు బడిపంతులు. మా నరహరి అన్నకు సంబంధం మాట్లాడడానికి పోయిన రోజున ఆ పంతులుగారు తాంబూలం పళ్లెం పక్కకు జరిపి, "బావగారూ, మా పిల్లను మీ చేతుల్లో పెడతాను. దాని చదువును మాత్రం మధ్యలో తుంచకండి" అన్నారట. నాయిన ఆ పళ్లెం తనవైపు లాక్కొని, "తుంచను. వైద్యుని మాట. మందు సగంల ఆపుతనా ఎప్పుడన్న?" అన్నాడట. ఆ ఒక్క మాట మీద పెళ్లయింది. పెళ్లయిన ఏడే వదిన సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న సర్కారు విశ్వవిద్యాలయంలో బి.యస్సీ. ఆనర్సులో చేరింది. అటు తెలుగు జిల్లాలు ఇంగ్లీషువాళ్ల కింద, ఇటు మేము నిజాం కింద. నడుమ ఒక నాకా, సరిహద్దు తనిఖీ చౌకీ. మాకు అది పరదేశమే.

సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఆ చోటును గురించి చెబుతుంటే నాకు పురాణం విన్నట్టుండేది. ఒక కొండ. కొండ మీద యుద్ధకాలంలో సైన్యం వాడుకొని విడిచిపెట్టిన రేకుల కొట్టాలు. వాటిలోనే పాఠాలు. కిటికీ తెరిస్తే సముద్రం. తరగతిలో పిల్లలు కొద్దిమందే గనుక, అడుగుల చప్పుడు విని వచ్చేది ఎవరో చెప్పేవారట అధ్యాపకులు. రంగుల మంటలను గురించి చెప్పేది. మైలుతుత్తం, అంటే రాగి ఉప్పు, తగిలితే మంట చిలకపచ్చగా మారుతుందట. సున్నపు జాతిది తగిలితే ఇటుకరంగు తిరుగుతుందట. అన్నిటికంటె త్రాసు గదిని గురించి చెప్పినప్పుడు ఆమె గొంతు తగ్గేది. "గాలి చొరబడకుండా అద్దాల పెట్టెలో ఉంటుంది రుక్కూ ఆ త్రాసు. ఊపిరి గట్టిగా విడిచినా ముల్లు కదులుతుంది. అందరం పిల్లుల్లాగా నడుస్తాం. గర్భగుడిలో ఉన్నట్టే ఉంటుంది." నేను ఆ గదిని కళ్లతో చూడలేదు. అయినా ఎన్నోసార్లు ధ్యానంలో కూర్చున్నప్పుడు, దేవుడి బదులు ఆ అద్దాల పెట్టె, అందులో కదలకుండా నిలిచిన ఆ ముల్లు కనిపించేవి. అపచారమేమో అనిపించేది. తరువాత తరువాత అనిపించడం మానేసింది.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆమె సెలవుల్లోనే. అప్పటికి నాకు పెళ్లయింది, కాపురానికి పంపలేదు. పలకా బలపం కాకుండా నాయిన మందుల అలమర ముందు కూర్చోబెట్టింది వదిన. జాడీల మీద నాయిన అతికించిన చీటీలే నాకు వాచకం. నేను నా అంతట చదివిన మొదటి మాట "నవాసాగరం", అదొక మందు ఉప్పు. తరువాత వెలిగారం, పటిక, అన్నభేది, సురేకారం. మూత తీసి ఒక్కొక్కటీ అరచేతిలో పోసి చూపించేది. "పేరు చదివినవు గదా, ఇప్పుడు మనిషిని చూడు" అనేది. నా చదువు ఉప్పుతో మొదలైందని మా అన్న ఏడిపించేవాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో, రెండేళ్ల చదువు ముగించుకొని వదిన వచ్చేసరికి మా ప్రాంతం కుతకుత ఉడుకుతున్నది. రజాకార్ల భయం ఒకవైపు, ఊళ్లల్లో కాల్పులు ఒకవైపు. అన్న సత్యాగ్రహంలో చేరి జైలుకు పోయి ఉన్నాడు. వదిన వెంట తెచ్చిన గడ్డిపెట్టెలో గాజు గొట్టాలు, ఒక చిన్న ప్లాటినం తీగె ఉన్నాయి. నాకా దగ్గర జవాను పెట్టె విప్పించి "బాంబులా?" అని అడిగాడట. "బాంబులైతే ఇంత పదిలంగా గడ్డి చుట్టి తెస్తానా సాబ్, అవే మమ్మల్ని చూసుకుంటాయి" అన్నదట ఈమె. తోడు వచ్చిన వాళ్ల నాన్న పంతులుగారికి చెమటలు పట్టాయట. జవాను మాత్రం నవ్వి, అత్తరు పోసుకోవడానికని రెండు గొట్టాలు ఉంచుకొని వదిలేశాడట.

ఆ తరువాత దారులు మూతబడ్డాయి. సెలవులు అయిపోయాయి. అక్కడ చివరి సంవత్సరం పాఠాలు మొదలయ్యాయని తెలుస్తూనే ఉన్నది, పోయే మార్గం లేదు. పుస్తకాలు చదువుకోవచ్చు గాని, రసాయన శాస్త్రానికి చేతులు కూడా చదవాలి. చివరి పరీక్షలో గుర్తు తెలియని లవణాన్ని చేతికిస్తారు. అందులో ఏమేమున్నాయో మంటతో, నీటితో, ఆమ్లాలతో అడిగి తెలుసుకోవాలి. దానికి నిత్యం సాధన ఉండాలి. సంగీతానికి గొంతు ఎట్లాగో దానికి వేళ్లు అట్లా. వదిన ఒకరోజు నాయిన ముందుకు వచ్చి నిలబడి, "మామయ్యా, పశువుల కొట్టంలో ఒక మూల నాకు ఇప్పిస్తారా?" అని అడిగింది. ఆవు ఒక్కటే మిగిలింది అప్పటికి. నాయిన "ఆవునడుగు, నాదేమున్నది?" అన్నాడు.

ఆ మూలే ఆమె ప్రయోగశాల అయింది. ఒక పాత పీట, గట్టున ఆముదపు దీపం. నాయిన స్నేహితుడైన కంసాలి ఇచ్చిన ఊదుగొట్టం, అతనిచ్చిన తేజాబు సీసా. తేజాబంటే ఆమ్లమే, మా వైపు అందరూ అట్లాగే అంటారు. నీళ్లు కూడా బావి నీళ్లు పనికిరావన్నది. పొయ్యి మీద గిన్నె పెట్టి, మూతకు పట్టిన ఆవిరి బొట్లు ఒక సీసాలో పట్టుకునేది. ఇక నా ఉద్యోగం ఏమంటే, పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దండం పెట్టుకొని, నాయిన జాడీల్లోంచి నాకు తోచిన లవణం తీసి నూరి, మట్టి ముంతలో పోసి ఆమె పీట ముందు పెట్టాలి. అదేమిటో చెప్పకూడదు. దీపాలు పెట్టే వేళ దాకా, ఆమె బతిమాలినా, ముఖం చిన్నబుచ్చుకున్నా పెదవి విప్పకూడదు. "నువ్వు దేవుడికి భయపడేదానివి, నీకే ఈ పని తగింది" అన్నది. ఆ మాట విన్న పూట నేను అన్నం తినడం మర్చిపోయాను.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పుడు కలలోవి లాగా కనిపిస్తాయి. వాన చినుకుల చప్పుడు. ఆవు నెమరు. ఊదుగొట్టం చివర సన్నని నీలిమంట నాలుకలా సాగేది. తీగె కొసన ఆవగింజంత వెలిగారపు పూస కరిగి, నీటిబొట్టులా తళతళలాడేది. దానికి మైలుతుత్తపు నలుసు ఒకటి అంటించి మళ్లీ మంటలో పెడితే, చల్లారుతూ చల్లారుతూ ఆకాశమంతా అందులో దిగినట్టు నీలమయ్యేది. వదిన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకొని ఎంతసేపు చూసేదో! "వదినా, ఏముందందులో?" అంటే, "మీ అన్న కూడా జైలు కిటికీలోంచి ఈ రంగే చూస్తుంటాడు" అన్నది ఒకసారి. అంతకుమించి అన్నను గురించి ఆ నెలల్లో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ మాత్రం మాట్లాడడమే మానేసింది. కొడుకు జైలుకు పోవడానికి కోడలి చదువే కారణమని అమ్మ మనసులో పడింది. చదువుకున్న పెళ్లాం ముందు చిన్నబోవద్దని కొడుకు జెండా పట్టుకున్నాడట. కోడలు ఎదురుగా ఉన్నా నాతోనే చెప్పేది. "ఆ కొట్టంల కూసున్నామెకు చెప్పు, అన్నం సల్లారుతున్నదని." వదిన కూడా నాతోనే, "వస్తున్నానని చెప్పు రుక్కూ" అనేది. ఇద్దరి మధ్య చేతి దూరం ఉండేది. నేను నడుమ వంతెనలాగా అటూ ఇటూ తల తిప్పేదాన్ని.

ఒకనాడు మరీ పెద్ద గొడవైంది. ఇనుప రజను, గంధకం మూసలో ఎర్రగా కాల్చి, చల్లారాక దాని మీద తేజాబు చుక్కలు వేసింది వదిన. లవణాల్లో ఉన్న లోహాలను పట్టిచ్చే వాయువట అది. దాని వాసన మాత్రం మురిగిన కోడిగుడ్డుదే. మా ఇంట్లో గుడ్డు మాటే ఎత్తరు. వంటింట్లో మడి కట్టుకొని ఉన్న అమ్మ కేక పెట్టింది.

"రుక్కూ! మన ఇంట్ల గుడ్డు కంపేందే? ఎవరు తెచ్చిన్రు?"

"గుడ్డు కాదమ్మా, గంధకం."

"గంధకం మీ నాయిన జాడీల నా పెండ్లప్పటి సంది ఉన్నది. ఎన్నడన్న గిట్ల కంపు కొట్టిందా?"

ఇంతలో పక్కింటి అనసూయమ్మ గోడ మీంచి తల పెట్టింది. "ఏం వదినా, ఇయ్యాల ఏమొండుతున్నరు? జర మాకు సుత పెట్టరాదు!"

అమ్మ పసుపు నీళ్లు తెచ్చి ఇల్లంతా చల్లింది. కొట్టంలో చల్లింది. ఆవు మీద చల్లింది. ఆఖరుకు వదిన నెత్తిన కూడా చల్లింది. నాయిన అరుగు మీద కూర్చొని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. వదిన నెత్తి మీది పసుపు తుడుచుకోకుండానే నిలబడి, "రుక్కూ, అత్తమ్మకు చెప్పు, వాసన వచ్చిందంటే పని సరిగ్గా జరిగినట్టే" అన్నది.

మొదట్లో చాలా రోజులు సాయంత్రం దీపాల వేళకు ఆమె జవాబు సరిగ్గా ఉండేది. నేను తల ఊపితే చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టేది. శ్రావణం నడుస్తుండగా ఏమైందో గాని తప్పడం మొదలైంది. ఏ ముంత పెట్టినా, "ఇందులో కార్బొనేటు కూడా ఉంది" అనేది. తేజాబు తగిలితే బుసబుస పొంగే జాతి అది, వంటసోడా దాని చుట్టమే. నేను నూరిన వాటిలో అది ఉండేది కాదు. దీపాల వేళ నేను తల అడ్డంగా ఊపినప్పుడల్లా ఆమె ముఖంలో ఒక్కొక్క దీపం ఆరినట్టుండేది. మళ్లీ మొదటినుంచి చేసేది. మళ్లీ పొంగేది. పుస్తకం తిరగేసేది. కొలతలు మార్చేది. ఒకరోజు ఊదుగొట్టం పక్కన పెట్టి, తన వేళ్లను ఎవరివో పరాయివి అన్నట్టు చూసుకుంటూ, "చేతులు మర్చిపోయినయి రుక్కూ" అన్నది.

భాద్రపదంలో యూనియన్ సైన్యాలు వచ్చాయి. నిజాం పాలన ముగిసింది. అన్న జైలు నుంచి విడుదలై దగ్గుతో, గడ్డంతో ఇంటికి వచ్చాడు. దారులు తెరుచుకున్నాయి. ఆ వెంటనే కోదాడ నుంచి పంతులుగారు బస్సెక్కి వచ్చారు. దసరా సెలవుల తరువాత తరగతులు మొదలయ్యే నాటికి హాజరైతే, పోయిన నెలలను ఈ కల్లోలం కింద మన్నిస్తామన్నారట విశ్వవిద్యాలయం వారు. ఆ రోజుకు రాకపోతే పేరు కొట్టేస్తారు. రెండేళ్ల చదువూ నీటిపాలే.

అరుగు మీద నాయిన, అన్న, పంతులుగారు కూర్చున్నారు. తలుపు పక్కన అమ్మ. కొట్టంలోంచి వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బట్టలు సర్దుకో తల్లీ. ఎల్లుండి బస్సుకు పోదాం" అన్నారు పంతులుగారు.

"నేను రాను నాన్నా."

"అదేమిటి? భయమా?"

"భయం కాదు. నాకు చేతకావడం లేదు. చిన్నపిల్లలు చెప్పే లవణం కూడా చెప్పలేకపోతున్నాను. పోయి అందరిముందు తప్పడమెందుకు? పేరు కొట్టేస్తే కొట్టేయనీండి."

అన్న ఏదో అనబోయి దగ్గాడు. నాయిన నేల చూస్తున్నాడు. మందు సగంలో ఆపనని మాట ఇచ్చినవాడు, ఇప్పుడు రోగే వద్దంటే ఏం చేస్తాడు? ఇంకా మధ్యాహ్నమే. దీపాల వేళ కాలేదు. అయినా నోరు విప్పాను.

"వదినా, ఇయ్యాల ముంతల ఏమొచ్చింది నీకు?"

"నవాసాగరం. దాంతో కార్బొనేటు."

"ఒట్టి నవాసాగరమే వదినా. దేవుని మీద ఒట్టు. జాడీ మూత తీసి నా చేతుల్తోని నూరిన. ఇంకోటి కలుపలేదు. ఇన్ని దినాల సంది నేను ఒక్కనాడు కూడా ఆ పొంగేది వెయ్యలేదు."

వదిన నన్ను చూసింది. గబగబా కొట్టంలోకి నడిచింది. అందరం వెనకాలే పోయాం. పీట మీద బోర్లించిన శుభ్రమైన గొట్టం ఒకటి తీసి, అందులో ఏమీ వేయకుండా, నాలుగు చుక్కల తేజాబు పోసింది. గొట్టం అడుగున తెల్లగా, చిన్నగా, బుసబుసమని నురుగు లేచింది.

"ఉత్త గొట్టమే పొంగుతున్నది" అన్నది. "రుక్కూ, వీటిని ఎవరు కడుగుతున్నారు? నేను నీళ్లతో తొలిచి పెడతానంతే. ఇవి ఇంత తళతళలాడుతున్నాయేమిటి?"

నాకు తెలియదన్నాను. వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"నేనే కడిగిన. అయితే ఏంది?"

కొన్ని నెలల తరువాత కోడలితో అమ్మ నేరుగా అన్న మొదటి మాట అది.

"పొద్దుమూకినంక ఎంగిలి గిన్నెలు ఇంట్ల పెట్టుకుంటరా? గవి గాజువైతే ఏంది, గిన్నెలు గాదా? నీకు దినమంత ఆ పొగలనే సరిపాయె. కండ్లు ఎర్రగ జేసుకొని వస్తవు. గవి తోముకునే ఓపిక యాడుంటది నీకు? శ్రావణం సంది దినాం పుల్లకు గుడ్డ సుట్టి, పొయ్యిల బూడిద వెట్టి, మంచిగ తోమి పెట్టిన. పగులకుంట తోమిన, సూసుకో."

మొదట నవ్వింది నాయిన. "ఓసి, యవక్షారం పూసినవే! కట్టె బూడిదలున్న క్షారమే గది, తేజాబు తగిల్తె పొంగుతది. నేను మందుల కలిపేది నువ్వు గొట్టాల్ల కలిపినవు." వేసవిలో నీళ్లకు కటకట గనుక గిన్నెలు తోమి సగం నీళ్లతోనే కడిగే అలవాటు మా ఇళ్లలో ఉన్నది, వానలు వచ్చినా అది పోదు. ఆ పలుచని బూడిద పూత గాజుకు పట్టుకొని, ప్రతి ముంతలోని లవణానికీ తన సాక్ష్యం కూడా చెబుతూ వచ్చింది. వదిన చేతులు ఏదీ మర్చిపోలేదు. అవి చూసింది చూసినట్టే చెప్పాయి.

నేనైతే అమ్మను ఏమందునో గాని, వదిన వంగి అమ్మ పాదాలు ముట్టుకున్నది. "అత్తమ్మా, ఇన్ని రోజులు మీరు నాతో మాట్లాడడం లేదనుకున్నాను. రోజూ సాయంత్రం కొట్టంలోకి వచ్చి పోతున్నారా?"

అమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఆవుకు గడ్డెయ్య వచ్చిన. నీకోసం వచ్చిన్ననుకున్నవా?" అన్నది. మరుక్షణమే పంతులుగారి వైపు తిరిగింది. "అన్నయ్యా, ఎల్లుండిదాక ఎందుకు? రేపే తీస్కపోండ్రి. పేరు కొట్టేస్తే మళ్ల ఎవలు రాస్తరు?" అన్నది. అన్నకు పథ్యం తాను చూసుకుంటానన్నది. ఆ సాయంత్రం గొట్టాలన్నిటినీ ఆవిరి నీటితో తానే కడిగింది. ప్రతిదాన్నీ కడిగి వెలుతురుకు పెట్టి చూసి, "ఇగ సూడు, బూడిద రవ్వంత ఉంటే నన్నడుగు" అనేది. వదిన వెళ్లేటప్పుడు గడ్డిపెట్టెలో గొట్టాల పక్కన నిమ్మకాయ ఊరగాయ జాడీ కూడా పెట్టింది. "గాడ ఎవలన్న ఇదేందంటే ఇది కూడా పరీక్షకే అని చెప్పు" అన్నది.

మరుసటి వేసవికి ముందు పరీక్ష అయింది. ఆ పరీక్ష కథ వదిన తిరిగి వచ్చిన సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చొని చెప్పింది. అమ్మ మల్లెలు గుచ్చుతున్నది, నేను దారం అందిస్తున్నాను. పరీక్షలో ఇచ్చిన లవణానికి ఆమ్లం తగలగానే లేచీ లేవనట్టు నురుగు లేచిందట. వదిన చెయ్యి ఆగిపోయిందట. పక్కన పెట్టి, ఖాళీ గొట్టం ఒకటి తీసి, అందులో ఆమ్లం పోసి వెలుతురుకు పెట్టి చూసిందట. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్ద పరీక్షాధికారి అటుగా వస్తూ నిలబడ్డారట.

"ఖాళీ నాళికలో ఏం వెతుకుతున్నావమ్మా?"

"నా తప్పు ఉందేమోనని వెతుకుతున్నానండీ."

"ఉందా?"

"లేదండీ. పొంగు లవణానిదే."

"మంచి పద్ధతి. ఎవరు నేర్పారు?"

"మా అత్తగారండీ."

"అలాగా! ఆవిడ ఎక్కడ చదువుకున్నారు?"

"మిర్యాలగూడలో, మా ఇంట్లోనండీ."

ఆయన నవ్వలేదట. తల పంకించి, "ఆవిడకు నా నమస్కారాలు చెప్పు" అని ముందుకు పోయారట.

అమ్మ గుచ్చుతున్న మల్లెలు ఒళ్లో పెట్టుకున్నది. అడిగింది. "నా పేరు చెప్పినవా?"

"మా అత్తగారని చెప్పాను అత్తమ్మా."

"గంతేనా? నాకు పేరు లేదా? ఆండాళమ్మ అని చెప్పొద్దా?"

"అత్తగారి పేరు కోడలు ఎట్లా తీస్తుంది అత్తమ్మా?"

"గాడ తీస్తే తప్పు లేకుండె" అన్నది అమ్మ. ఆ పైన ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు గాని, తన చివరి రోజుల దాకా పక్కింటి అనసూయమ్మకు ఆ పరీక్షాధికారి నమస్కారాన్ని గురించి చెప్పని పండుగ లేదు.

వదిన ఉత్తీర్ణురాలైంది. ఇంకో రెండేళ్లు ఉండి పరిశోధన చేయమని అక్కడి ఆచార్యులు అడిగారట. అన్న జైలు నుంచి తెచ్చుకున్న దగ్గు తగ్గలేదు. వదిన తిరిగి వచ్చి, సూర్యాపేటలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పడానికి చేరింది. అందుకు ఎవరినీ ఒక్క మాట అనలేదు. చాలా ఏండ్ల తరువాత ఒకసారి, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోట కార్తీక స్నానం చేసి మెట్ల మీద తడిబట్టలతో కూర్చున్నప్పుడు, ఎదురుగా నీళ్లు చూస్తూ అన్నది. "ఆ త్రాసు గది నాకు కలలోకి వస్తది రుక్కూ. తలుపు తీసే ఉంటది. నేను లోపలికి పోను. బయట నిలబడి చూసి వస్తా." అప్పటికి ఆమె మాట మా మాటలో కలిసిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతి వేళ్ల చివర తేజాబు మచ్చలు అప్పటికీ పోలేదు.

ఆమె ఇంకో రెండేళ్లలో ఏమి కనుక్కునేదో దేవుడికే ఎరుక. ఆ రెండేళ్లకు బదులుగా ఎంతమంది ఆడపిల్లలు మంట రంగు చూసి లోహం పేరు చెప్పడం నేర్చుకున్నారో, ఎంతమంది దవాఖానల్లో, బళ్లలో, కచేరీల్లో నిలబడ్డారో నేను చూశాను. నాకు ఆమె చదువు చెప్పడం మాత్రం ఎన్నడూ ఆపలేదు. నేను కాపురానికి పోయినా, పిల్లలను కన్నా, ముసలిదాన్నయినా, కలిసినప్పుడల్లా నేనొక ప్రశ్న దాచిపెట్టుకొని పోయేదాన్ని. పాలెందుకు విరుగుతాయి, రాగి చెంబుకు పచ్చదనం ఎందుకొస్తుంది, అట్లాంటివి. ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. తెలియకపోతే తెలియదనేది. "తెలియదని చెప్పడం కూడా జవాబే, రాసుకో" అనేది.

పోయిన నెల సూర్యాపేట పోయినప్పుడు మంచం మీదనే ఉన్నది. మాట సన్నగిల్లింది. నేను నవ్వించాలని, "వదినా, కర్పూరం ఎట్ల పోతదే? వత్తి కాలితే మసి, కట్టె కాలితే బొగ్గు. ఇదొక్కటి పళ్లెంల ఏమీ విడువకుండ పోతది" అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి. చెప్పబోయి ఆయాసపడింది. "పెద్ద ముచ్చటే అది. జర లేచి కూసోనీ, చెప్త" అన్నది.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఇంటికి వచ్చి దేవుడికి హారతి ఇచ్చాను. మనవరాలు పక్కనే నిలబడి ఉన్నది. అదీ కాలేజీలో రసాయన శాస్త్రమే చదువుతున్నది. నేను నా ప్రశ్న చెబితే, "దానికేముంది నానమ్మా, నేను చెప్తా" అన్నది. వద్దన్నాను. పాపం, చిన్నబుచ్చుకున్నది. దానికి రాదని కాదు. జవాబు ఎవరైనా చెబుతారు. లేచి కూర్చొని చెబుతానన్న మనిషి చెప్పాలి.

వదినా, నీ చదువు నువ్వు పూర్తి చేసుకున్నావు. నా చదువే సగంలో ఆగింది. నీ పాదాలకు ఈ ఒకనాటి నిరక్షరకుక్షి, నువ్వు అక్షరమిచ్చిన నీ రుక్కు, వందనం చేస్తున్నది.